తరుగులో కోసుకున్న డబ్బు: బాప్తిస్మానికి ముందు తిరిగివ్వాలా, తర్వాతా?

మిర్చిఘాటు_522
మా సంఘంలో బాప్తిస్మం తరగతికి వస్తున్న ఒకాయన గుంటూరులో మిర్చి కమిషన్ వ్యాపారి. మారుమనస్సు పాఠం అయ్యాక ఆయనే అడిగాడు. ఇన్ని సీజన్లుగా తరుగు (తేమ, తాలు పేరుతో తూకంలో తగ్గించేది) కింద, మచ్చు (నాణ్యత చూడ్డానికి తీసే కాయలు) కింద, గోనె బరువు కింద రైతుల దగ్గర ఎక్కువ కోసుకున్నదాని సంగతేంటి అని. అన్నీ కలిపితే టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, కిలో దాకా తేలుతుందట. పాస్టరు గారేమో యేసు రక్తం కడిగేసింది, నీ మనసుకు అంత బరువుగా ఉంటే మందిరం ప్రహరీ గోడ కట్టించు అన్నారు. ఆయనకు మనసొప్పట్లేదు, నాకూ ఒప్పట్లేదు. తిరిగివ్వాలంటే ఎంత? ఎవరికి? ఎలా? పట్టీలు (సరుకు తూకం, ధర రాసే చీటీలు) మూడు సీజన్లవే మిగిలాయి. వాక్యం తెలిసినవాళ్లూ లెక్క తెలిసినవాళ్లూ ఇద్దరూ చెప్పండి. "ప్రార్థన చేయండి" అని మాత్రం రాయొద్దు, అది చేస్తూనే ఉన్నాం.

పాతబల్ల
2 కొరింథీ 5:17. పాతవి గతించాయి. గతించినవాటికి మళ్లీ పద్దులెందుకు?

బ్రాడీపేట_లూథరన్
అదే పౌలు ఫిలేమోను 18లో, యజమాని ఫిలేమోనుకు దాసుడు ఒనేసిము బాకీ ఉంటే తన లెక్కలో రాసుకోమన్నాడు. ఒనేసిము కొత్త సృష్టి అయ్యాడు కాబట్టి ఖాతా పుస్తకం చింపేయమని రాయలేదు.

మేడిచెట్టు_కొమ్మ
లూకా 19లో సుంకరి (పన్ను వసూలుదారు) జక్కయ్య యేసు పిలిస్తే చెట్టు దిగాక డబ్బు తీశాడు. మనవాళ్లు డబ్బు తీయకుండానే సాక్ష్యం చెప్పడానికి స్టేజీ ఎక్కుతారు.

సండేస్కూల్_అక్క
"ఎంత" అన్నదానికి ధర్మశాస్త్రంలో ఒకే లెక్క లేదు, అందుకే అందరూ తికమకపడతారు. నిర్గమ 22:1లో దొంగిలించి అమ్మేసినా కోసేసినా ఎద్దుకు అయిదు, గొర్రెకు నాలుగు. 22:4లో ఆ పశువు ప్రాణంతో దొంగ చేతిలోనే దొరికితే రెట్టింపు. ఈ రెండూ పట్టుబడ్డవాడి సంగతి. లేవీ 6:1-7 వేరు. పొరుగువాణ్ణి మోసం చేసినవాడు తన అపరాధం తెలుసుకుని వస్తే అసలు, దాని మీద అయిదో వంతు. సంఖ్యా 5:7 కూడా అంతే, ముందు ఒప్పుకోవాలి, తర్వాత అసలు ప్లస్ అయిదో వంతు.

మీ వ్యాపారిని ఎవరూ పట్టుకోలేదు, తనే వచ్చాడు. కాబట్టి ఆయనకు వర్తించేది అయిదో వంతు లెక్క. ఒక రైతు 300 టిక్కీలు తెచ్చాడు, టిక్కీకి కిలో ఎక్కువ కోశారు, ఆ రోజు ధర కిలో 150 అనుకోండి. అసలు 45,000, అయిదో వంతు 9,000, మొత్తం 54,000.

లేవీ 6:5లో ఇంకో మాట ఉంది, దాన్ని చాలామంది చూడరు. అపరాధ బలి తెచ్చే రోజే సొమ్ముదారుడికి చెల్లించాలి. అంటే మనిషి బాకీ ఉంచుకుని బలిపీఠం దగ్గరికి రావడం కుదరదు. మత్తయి 5:23-24 కూడా ఆ వరసే, అర్పణ అక్కడ పెట్టి ముందు సహోదరుడి దగ్గరికి వెళ్లమంది.

మేడిచెట్టు_కొమ్మ
మరి జక్కయ్య నాలుగు రెట్లు అన్నాడుగా అక్కా? అదే లెక్కయితే 1,80,000.

సండేస్కూల్_అక్క
లూకా 19:8 మళ్లీ చదవండి. నాలుగు రెట్లు ఇమ్మని యేసు అడగలేదు, జక్కయ్యే అన్నాడు. సగం ఆస్తి బీదలకు కూడా ఆయనే అన్నాడు. ఇష్టపడి ఎక్కువ ఇచ్చేవాణ్ణి ఆపొద్దు, కానీ బాప్తిస్మానికి షరతుగా నాలుగు రెట్లు పెట్టే హక్కు పాస్టరుకూ లేదు, మనకూ లేదు.

పాతబల్ల
అయితే అయిదో వంతు మాత్రం షరతా? అదీ ధర్మశాస్త్రమే కదా.

బ్రాడీపేట_లూథరన్
మంచి ప్రశ్నే వేశారు. షరతు కాదు. మా లూథరన్ల విశ్వాస ప్రకటన, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 12వ అధికరణంలో మారుమనస్సుకు రెండు భాగాలే చెప్పారు. పాపం చూసి మనస్సాక్షి వణకడం ఒకటి, క్రీస్తు నిమిత్తం క్షమాపణ దొరికిందని నమ్మడం ఇంకోటి. మంచి పనులు ఆ తర్వాత కాసే ఫలాలు. డబ్బు కడితే క్షమాపణ రాదు, క్షమాపణ వచ్చినవాడు డబ్బు దగ్గర పెట్టుకోలేడు. ఈ వరస తిరగబడితే ఏమవుతుందో యేసును పట్టించిన ఇస్కరియోతు యూదాను చూడండి. 30 వెండి నాణేలూ తిరిగిచ్చేశాడు, పశ్చాత్తాపపడ్డాడని కూడా మత్తయి 27:3 చెప్తోంది. క్షమాపణ కోసం ప్రభువు దగ్గరికి మాత్రం రాలేదు.

మేడిచెట్టు_కొమ్మ
ఆ డబ్బు కానుక పెట్టెలో వేయకూడదని ప్రధాన యాజకులు కూడా అన్నారు చూడండి, మత్తయి 27:6. ప్రహరీ గోడ ఐడియా వాళ్లకు రాలేదు పాపం.

కొత్తపేట_సీఎస్ఐ
దొంగిలవద్దు ఎనిమిదో ఆజ్ఞ కదా, మొన్న ఒక లూథరన్ ప్రసంగంలో ఏడో ఆజ్ఞ అన్నారు?

బ్రాడీపేట_లూథరన్
మాకూ కతోలికులకూ ఏడు, మీకూ మిగతావాళ్లకూ ఎనిమిది. 1842లో మా లూథరన్ మిషనరీ హయ్యర్ గారు గుంటూరులో దిగిన దగ్గర్నుంచీ ఈ సందేహం ఉన్నట్టుంది. నంబరు ఏదైనా లూథరు కాటికిజం (విశ్వాస పాఠాల పుస్తకం) ఆ ఆజ్ఞ వివరణలో పొరుగువాడి డబ్బు, వస్తువు తీసుకోవడంతో పాటు కల్తీ సరుకు, మోసపు బేరం కూడా కలిపే చెప్పింది. తూకం అందులోదే.

కొత్తపేట_సీఎస్ఐ
మా వైపూ ఉంది. 1662 నాటి ఇంగ్లండు ప్రార్థన క్రమంలో ప్రభురాత్రి భోజనానికి ముందు చదివే హెచ్చరికలో, అన్యాయం చేసినవాళ్లకు శక్తికొద్దీ తిరిగి చెల్లించడానికి సిద్ధపడి రమ్మని ఉంటుంది. ఇప్పుడు ఆ భాగం చదివే సంఘం కనపడదు. టైము చాలదట.

గుణదల_మెట్లు
మా కతోలికుల్లో వరస ఇలా ఉంటుంది. ఆత్మశోధన, పశ్చాత్తాపం, ఇక చేయనన్న తీర్మానం, గురువు దగ్గర పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం), ప్రాయశ్చిత్తం. దొంగ సొమ్ము విషయంలో అందరూ పొరపాటుపడేది చివరి మెట్టు దగ్గర. గురువు చెప్పిన జపాలు చేసేస్తే సరిపోయిందనుకుంటారు. సరిపోదు. సొమ్ము తిరిగివ్వడం వేరే బాధ్యత, అది అలాగే ఉంటుంది. ఇవ్వగలిగి ఉండీ ఇవ్వనని మొండికేస్తే గురువు పాపవిమోచనం ఇవ్వకుండా ఆపొచ్చు కూడా.

మీ వ్యాపారికి పనికొచ్చేది ఒకటుంది. మనిషి పేరు బయటపడకుండా గురువు ద్వారా సొమ్ము చేర్పించే పద్ధతి మాలో చాలా పాతది. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎక్కడా చెప్పడానికి వీల్లేదు. అయితే ఇలాంటి లెక్కలున్న పాపాన్ని ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల ఉత్సవాల వరసలో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పేసి రాకూడదు. మామూలు రోజున విచారణ గురువుల దగ్గర సమయం అడిగి, కాగితం పట్టుకుని వెళ్లాలి.

పాతబల్ల
మనిషికి మనిషి దగ్గర ఒప్పుకోలేంటి?

గుణదల_మెట్లు
యాకోబు 5:16. మీ బైబిల్లోనూ ఉంది.

పట్టీలెక్క_వన్‌టౌన్
లెక్క సంగతికి వద్దాం. మూడు సీజన్ల పట్టీలున్నాయంటే చాలా ఉన్నట్టే.

ముందు నిజమైన తరుగునూ మోసపు తరుగునూ విడదీయాలి. గోనెకు బరువుంటుంది, అది తీసేయడం తప్పు కాదు. ఆ వ్యాపారి వాడే రకం ఖాళీ గోనెలు పది తెచ్చి ఒకేసారి కాటా మీద పెట్టి పదితో భాగించమనండి. వచ్చిన బరువుకూ పట్టీలో గోనె కింద కోసినదానికీ తేడాయే రైతు బాకీ. తడి కాయకు, తాలుకు (రంగు పోయిన కాయకు) ధర తగ్గించారనుకోండి, రైతు కళ్ల ముందు బేరమాడి తగ్గిస్తే అది బేరం, బాకీ కాదు. ధర తగ్గించాక మళ్లీ అదే తాలు పేరుతో తూకంలోనూ కోస్తే ఆ రెండోది బాకీ. మచ్చు కాయలు తిరిగి రాశిలో పోయకపోతే అవీ బాకీయే. ఒక్కో బస్తాకు గుప్పెడంటే పోయేదేముంది అనిపిస్తుంది, సీజనంతా తూచి చూస్తే తెలుస్తుంది.

తర్వాత ఒక పుస్తకం వేయాలి. రైతు పేరు, ఊరు, తేదీ, టిక్కీలు, ఎక్కువ కోసిన కిలోలు, ఆ రోజు ధర, అసలు, అయిదో వంతు, చెల్లించిన తేదీ. మూడు సీజన్లకు టిక్కీకి సగటు తేలుతుంది కదా, పట్టీలు లేని పాత సీజన్లకు అదే సగటు వేయాలి. పాత టిక్కీల సంఖ్య కొంతవరకు బ్యాంకు జమల్లో దొరుకుతుంది. ఎక్కడ సందేహం వచ్చినా రైతు వైపుకే మొగ్గాలి.

ఇచ్చేది బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. ఇంకో మాట, దీన్ని దానధర్మాల పద్దులో రాసి పన్ను మినహాయింపు అడగొద్దు. వాళ్ల డబ్బు వాళ్లకిచ్చి దానం అని రాయడం రెండో మోసం.

మిర్చిఘాటు_522
ఒక చిక్కుంది. ఎక్కువ తూగిన సరుకు కొంత కొనుగోలుదారుడికే పోయిందట. కమిషన్‌దారు చేతికి వచ్చింది అందులో వాటా మాత్రమే. మొత్తం ఈయనే కట్టాలా?

పట్టీలెక్క_వన్‌టౌన్
పట్టీ రాసింది ఎవరి చెయ్యి?

గుణదల_మెట్లు
కలిసి చేసిన నష్టానికి ఎవరి వాటా వాళ్లు ఇవ్వాలన్నది మా నీతిశాస్త్రంలో మొదటి మాట. మిగతావాళ్లు ఇవ్వకపోతే, మోసానికి అసలు కారణమైనవాడి మీద మొత్తం పడుతుంది. కాబట్టి ముందు తన వాటా కట్టేయమనండి. కొనుగోలుదారుణ్ణి అడగమనండి, నవ్వుతాడు, అయినా అడగాలి. అప్పుడు మిగిలినదాన్ని శక్తికొద్దీ తీర్చాలి.

కౌలుకార్డు
ఈ చర్చలో ఎవరూ అనని సంగతి. పట్టీ మీద ఉన్న పేరుకే డబ్బు వేసేయకండి. పల్నాడులో మిర్చి వేసేవాళ్లలో కౌలు రైతులు చాలామంది. పట్టీ ఒక్కోసారి భూయజమాని పేరున ఉంటుంది, ఒక్కోసారి ఊరి నుంచి లారీ కట్టించిన పెద్దమనిషి పేరున పది ఇళ్ల సరుకు ఉంటుంది. నష్టపోయింది పంట పండించినవాడు. పేరు చూసి వేస్తే డబ్బు మళ్లీ తప్పుడు మనిషికి పోతుంది. ముందు ఊళ్లో కనుక్కుని రావాలి.

ఊరికే_చదివేవాడు
రైతు చనిపోయి ఉంటే?

సండేస్కూల్_అక్క
వారసులకు. భార్యకు, పిల్లలకు. సంఖ్యా 5:8.

పాతబల్ల
అదే సంఖ్యా 5:8లో బంధువు లేకపోతే యాజకుడికి అని ఉంది. అంటే మందిరానికి. మరి పాస్టరు గారు అన్నది తప్పెలా అవుతుంది?

సండేస్కూల్_అక్క
బంధువు లేకపోతేనే. వరస చూడండి. సొమ్ముదారుడు, ఆయన దగ్గరి బంధువు, ఎవరూ లేకపోతే అప్పుడు యాజకుడు. పాస్టరు గారు మూడో మెట్టు మీదికి మొదటే ఎక్కేశారు. వెతకకుండానే "ఎవరూ దొరకలేదు" అనడం కుదరదు. నిజంగా దొరకనివాళ్ల వాటాను కూడా నేనైతే బీదలకే ఇమ్మంటాను, జక్కయ్య సగం ఇచ్చింది వాళ్లకేగా. అందులోనూ మిర్చి కోతకు వచ్చే కూలీల బిడ్డల చదువుకో, వైద్యానికో పోతే ఆ పంట డబ్బు ఆ పంట మనుషులకే చేరుతుంది. మందిరానికి ఇస్తే పేరు రాయకుండా ఇవ్వాలి, శిలాఫలకం అసలు వేయకూడదు.

మేడిచెట్టు_కొమ్మ
శిలాఫలకం లేని గోడ గుంటూరు జిల్లాలో నిలబడుతుందా అక్కా?

పాతబల్ల
మూడో మెట్టు మాట ఒప్పుకుంటున్నా. గోడ తర్వాతే.

నది_ఇవతల
డబ్బిచ్చేటప్పుడు ఏం మాట్లాడాలో ముందే రాసుకోమనండి, ఎక్కువ చెడేది అక్కడే. మూడు వాక్యాలు చాలు. "ఫలానా సీజన్లో మీ సరుకు తూకంలో ఇంత తగ్గించి రాశాను. అది తప్పు. ఇది మీ డబ్బు, లెక్క కాగితం ఇదిగో." అంతే. "యార్డులో అందరూ అలాగే చేస్తారు" అనకూడదు. "నన్ను క్షమించానని చెప్పండి" అని ఒత్తిడి చేయకూడదు, క్షమించడమూ మానడమూ ఆయన ఇష్టం. రైతు తిడితే వినాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజు చేతిలో కరపత్రాలు ఉండకూడదు. కూటాలకు రమ్మనకూడదు. రైతుల్లో హిందువులుంటారు, ముస్లింలుంటారు. డబ్బుతో పాటు సువార్త పుస్తకం పెట్టారంటే, తన సొమ్ము తనకొచ్చిందని ఆ రైతు అనుకోడు, మతం మారమని డబ్బిస్తున్నారని ఊరంతా అంటుంది. వాళ్లు అనడంలో తప్పూ లేదు. "ఎందుకిస్తున్నావు?" అని రైతే అడిగితే ఒక్క మాటలో నిజం చెప్పొచ్చు.

పాతబల్ల
సువార్త చెప్పే అవకాశం వదులుకోమంటారా!

నది_ఇవతల
ఆ రోజు, అవును.

బ్రాడీపేట_లూథరన్
ఇక్కడ నేనూ నది_ఇవతల గారి పక్షమే. లూకా 3లో సుంకరులు బాప్తిస్మమిచ్చు యోహానును ఏం చేయమంటావని అడిగారు. వెళ్లి ప్రసంగించండి అనలేదాయన, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దు అన్నాడు. ఎవడి వృత్తికి తగిన జవాబు వాడికి.

ఇంటిదీపం
భార్యకు చెప్పాడా? చాలా ఇళ్లల్లో ఇది అక్కడే తెగిపోతుంది. పిల్ల పెళ్లికి దాచిన డబ్బు రైతులకు వెళ్తోందని ఆమెకు చివర్లో తెలిస్తే మారుమనస్సు మీదే కోపం వస్తుంది. ముందు ఆమెతో కూర్చుని పుస్తకం చూపించమనండి. ఒక్కసారి కట్టలేకపోతే సీజన్ల వారీగా వాయిదాలు వేసుకోవచ్చు. మొదట చిన్న రైతులు, కౌలు రైతులు, పెద్ద కమతాలవాళ్లు చివర. అమ్మగలిగిన స్థలం ఉంటే అమ్మాలి. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మాత్రం కట్టొద్దు, సంవత్సరం తిరిగేసరికి మళ్లీ కాటా మీదే చెయ్యి పడుతుంది. బస్తాలు మోసే ముఠావాళ్ల కూలీ ఆపి కట్టడం కూడా కుదరదు, యాకోబు 5:4 ఉంది.

కొత్తపేట_సీఎస్ఐ
పార్ట్‌నర్లు ఉంటే వాళ్ల పేర్లు ఎక్కడా ఎత్తొద్దు. ఒప్పుకోవాల్సింది తన పాపం. వాళ్ల పాపం వాళ్లే ఒప్పుకోవాలి. రాతపూర్వకంగా ఇచ్చే కాగితం రేపు సాక్ష్యంగా వాడొచ్చు కాబట్టి ఇచ్చేముందు ఒక వకీలుకు చూపించడం మేలు. అది పిరికితనం కాదు.

పట్టీలెక్క_వన్‌టౌన్
చూపించొచ్చు. అయితే వకీలు సలహా పేరుతో ఏడాది గడిచిపోకూడదు.

తూకంరాయి
వచ్చే సీజన్ గురించి ఎవరూ మాట్లాడట్లేదే. పాత బాకీ తీర్చి అదే కాటా, అదే గుమస్తా, అదే మచ్చు పళ్లెంతో దుకాణం తెరిస్తే ఫిబ్రవరిలో మళ్లీ మొదలవుతుంది. మార్చాల్సినవి చెప్తా.

ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ప్రతి 12 నెలలకూ వేయించాలి, అది చట్టం. ముద్ర వేసిన 20 కిలోల రాయి ఒకటి దుకాణంలోనే ఉంచి, పొద్దున మొదటి తూకానికి ముందు రైతు చేతే పెట్టించి చూపించాలి. డిస్‌ప్లే రైతు వైపుకి తిప్పాలి. గోనె బరువు, తరుగు రెండూ పట్టీలో వేర్వేరు గడుల్లో రాయాలి, కలిపి రాసిన చోటే దొంగతనం దాక్కుంటుంది. మచ్చు కాయలు బేరం అయ్యాక అదే రాశిలో పోయాలి.

గుమస్తాకు జీతం కాకుండా "మిగులులో" వాటా ఉంటే అది తీసేసి జీతం పెంచాలి. లేకపోతే యజమాని మారినా గుమస్తా చెయ్యి మారదు. ఎందుకు మారుతుంది, వాడి బియ్యం అందులోంచే వస్తుంటే!

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. కమిషన్‌దారు రైతుకు పెట్టుబడికి అప్పిస్తాడు. తూకంలో తగ్గిన ఆదాయం వడ్డీలోకి జరుగుతుంది. రెండు రూపాయలు రెండున్నర అవుతుంది, దానికి తోడు సరుకు నా కొట్టుకే తేవాలన్న షరతు బిగుసుకుంటుంది. కాటా పరిశుద్ధం, ప్రోనోటు పాపిష్టిది. ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఒకడు కావాలి. సంఘంలో ఆయన దగ్గర అప్పు తీసుకోనివాడు, ఆయన కానుక మీద ఆధారపడనివాడు అయితే మంచిది. పాస్టరు గారు ఈ పనికి సరిపోరు, కారణం చెప్పక్కర్లేదనుకుంటా.

బ్రాడీపేట_లూథరన్
లూథరు 1517లో పెట్టిన 95 వాదాల్లో మొదటిదే విశ్వాసి బతుకంతా మారుమనస్సే అని. రోజూ పొద్దున కాటా మీద రాయి పెట్టడం దానికి తగ్గ పనే.

మిర్చిఘాటు_522
తూకంరాయి గారి పోస్టు ప్రింటు తీసి ఇస్తాను. బాప్తిస్మం తేదీ మాత్రం తేలలేదు. ముందా, తర్వాతా?

సండేస్కూల్_అక్క
పుస్తకం వేసి, భార్యకు చెప్పి, చేతిలో ఉన్నంతవరకు మొదటి చెల్లింపులు చేశాక. మొత్తం తీరేదాకా ఆగక్కర్లేదు.

బ్రాడీపేట_లూథరన్
నేను అంతవరకు కూడా ఆపను. ఇస్తానన్న తీర్మానం నిజమైతే చాలు. అపొస్తలుల కార్యములు 16లో చెరసాల అధిపతికి ఆ రాత్రే ఇచ్చారు.

సండేస్కూల్_అక్క
ఆయన ఆ రాత్రే పౌలు, సీలల గాయాలు కడిగాడు కూడా, బాప్తిస్మానికి ముందే. 33వ వచనం.

బ్రాడీపేట_లూథరన్
ఇది ఇద్దరం ఇలాగే చెప్పుకుంటాం లెండి.

మిర్చిఘాటు_522
ఇంకొక్కటి. రైతు "నాకొద్దు, మా ఊరి రామాలయానికి ఇచ్చెయ్" అంటే?

పాతబల్ల
కుదరదు.

పట్టీలెక్క_వన్‌టౌన్
డబ్బు ఎవరిది? రైతుది. ఆయన ఖాతాలో వేయండి. ఆయన రామాలయానికి ఇచ్చుకుంటాడో, మోటారు బాగు చేయించుకుంటాడో మనం అడిగేదేముంది.

నది_ఇవతల
అందుకే చేతికి ఇవ్వడం కన్నా ఖాతాలో వేసి, కాగితం పట్టుకుని వెళ్లడం మేలు.

మిర్చిఘాటు_522
కొన్నిటికి ఖాతా నంబర్లు దొరుకుతాయి. మిగతావాటికి మేలో యార్డు సెలవులిచ్చినప్పుడు ఊళ్లు తిరుగుతానంటున్నాడు. తోడు నన్ను రమ్మన్నాడు.

కౌలుకార్డు
పొద్దున ఆరింటికల్లా ఊళ్లో ఉండేలా బయల్దేరండి. పదిన్నర దాటితే ఆ ఎండకు మీరు నిలబడలేరు. కౌలు ఎవరు చేస్తున్నారో టీ కొట్టు దగ్గరే తెలిసిపోతుంది, భూయజమాని ఇంటికి ముందు వెళ్లకండి.